మా మేడమ్ గారి ఛీ

మేడమ్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు, ఆవిడ పుండులోంచి తీసిన చీము పెంచిన ప్లేటే నా చేతిలో ఉంది. క్రిములు పెంచే ఇంక్యుబేటరు తలుపు ఇంకా వెయ్యలేదు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. మాట్లాడింది ఆవిడ తమ్ముడుగారు. తెల్లవారకముందే బెజవాడ ఆసుపత్రిలో ప్రాణం పోయిందనీ, మధ్యాహ్నానికి జగ్గయ్యపేటకు తీసుకొస్తామనీ చెప్పారు. సరేనండి అన్నాను. ప్లేటులో గడ్డకట్టిన జావ మీద ఆ క్రిములు ఆకుపచ్చగా, జిగటగా, ఎవరో పాచినీళ్ళు పుక్కిలించి ఉమ్మినట్టు పరుచుకుని ఉన్నాయి. మూత సందులోంచి బాగా మాగి చితికిపోయిన ద్రాక్షపళ్ళ వాసన వస్తోంది. అంత తియ్యటి వాసన అంత రోతగా ఉండగలదని ఈ పనిలోకి వచ్చేదాకా నాకు తెలియదు.

అన్నం ముందు కూర్చుని దీన్ని చదివేవాళ్ళు ఉంటే దయచేసి పక్కన పెట్టండి, తిన్నాక చదువుకోవచ్చు. మేడమ్ గురించి రాయాలంటే చీము గురించి రాయక తప్పదు. చీము గురించి రాస్తూ కంపు గురించి రాయకపోతే ఆవిడ ఒప్పుకోరు.

పెద్దకర్మ అయిపోయాక మా కాలేజీలో సంతాప సభ పెట్టారు. గులాబీపూల మధ్యలో ఆవిడ ఫొటో వేసిన ఫ్లెక్సీ కట్టారు. కట్టలు కట్టలుగా అగరొత్తులు వెలిగించారు. మైకు దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట చెప్పారు. రోత అన్నది ఎరగని తల్లి అట. ఎలాంటి పుండునైనా చిరునవ్వుతో ముట్టుకునేవారట. వినలేక లేచి గుమ్మం బయటికి వచ్చి నిలబడ్డాను. ఆ పొగకో, ఆ మాటలకో చెప్పలేను. నాకు తెలిసినవాళ్ళలో మేడమ్ అంత రోత పడే మనిషి ఇంకొకరు లేరు. ఆవిడ పుండు ముందు చిరునవ్వు నవ్వగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సూక్ష్మజీవుల పాఠం ఆవిడ చెప్పేవారు. నందిగామ బస్టాండు వెనక సందులో ఆవిడకు సొంత ల్యాబ్ ఉండేది. చుట్టుపక్కల డాక్టర్లు మానని పుండు ఏది వచ్చినా అక్కడికి పంపేవారు. చదువయ్యాక నన్ను అందులోనే పనిలో పెట్టుకున్నారు. ఇద్దరి ఇళ్ళూ జగ్గయ్యపేటలోనే. ఆవిడది ఊళ్ళో, తమ్ముడూ మరదలూ ఉండే ఇంట్లో. మాది ఊరి చివర కాలనీలో. మా ఇంట్లో బడికి వెళ్ళి చదువుకున్న మొదటిదాన్ని నేనే. పొద్దున్నే ఒకే బస్సెక్కి నందిగామ వెళ్ళేవాళ్ళం. బస్సులో కడ్డీని కూడా ఆవిడ రుమాలుతో తప్ప పట్టుకునేవారు కాదు. ముందు సీటువాడు కిటికీలోంచి ఉమ్మితే చిల్లకల్లు దాటేదాకా వాడి వీపు వైపు చూస్తూ గొణిగేవారు. హ్యాండ్‌బ్యాగులో పర్సు మరిచిపోయిన రోజులున్నాయి గానీ ఎర్రసబ్బు డబ్బా మరిచిపోయిన రోజు లేదు.

కాలేజీలో నేను మొట్టమొదట చూసిన చీము ఒక రైతు తొడమీది గడ్డలోంచి తీసింది. డబ్బా మూత తీయగానే గదిలో గాలి చిక్కబడినట్టయింది. బయటికి పరుగెత్తి కాలవలో కక్కాను. పొద్దున తిన్న ఇడ్లీ అంతా పోయింది. ఇక ఈ చదువు నాకు రాదని, మా అమ్మకు ఏమని చెప్పాలా అని ఆలోచిస్తూ తిరిగి వచ్చాను. మేడమ్ ముక్కుకు కొంగు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతున్నాయి.

"కక్కావా? మంచిదే. నోరు కడుక్కుని రా," అన్నారు. "నాకు ఇన్నేళ్ళయినా డోకు వస్తానే ఉంది. రోత పుట్టినన్నాళ్ళే చేతులు కడుక్కుంటావు. పుట్టని రోజు వచ్చిందా, ఈ పని మానెయ్."

మా క్లాసులో ఒకతను లేచి తనకు మాత్రం ఏమీ అనిపించలేదని గొప్పగా చెప్పాడు. అయితే నీ చేతులు చూపించు నాయనా అన్నారు ఆవిడ. వాడి గోళ్ళ నిండా నల్లటి మట్టి. క్లాసంతా నవ్వింది, వాడితో సహా.

మేము సరైన జవాబు చెప్తే మేడమ్ మెచ్చుకునేవారు కాదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు, అంతే. ఆ మూసుకునే కళ్ళ కోసం మేము రాత్రంతా చదివేవాళ్ళం. తప్పు చెప్తే మాత్రం ఛీ అనేవారు. ఆ ఛీలో ఎన్నో రకాలు ఉండేవి, ఏది దేనికో మాకు బాగా తెలిసిపోయింది. కంపుకైతే పొట్టిగా, ముక్కులోంచి, తల ఒక పక్కకు తిప్పి అనేవారు. కడిగిన ఆవకాయ సీసాలో చీము పోసి పంపినవాళ్ళకు, ఎండిపోయిన దూదిపుల్ల కాగితంలో చుట్టి పంపినవాళ్ళకు సాగదీసి అనేవారు. అన్నిటికన్నా భయంకరమైనది చాలా మెల్లగా వచ్చేది. ప్లేటు పెట్టకుండానే క్రిములు లేవని రిపోర్టు రాసే వాళ్ళ గురించి వింటే అది వచ్చేది. అప్పుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు, మరి ఆ రోజంతా మాట్లాడేవారు కాదు.

పుండు పరీక్ష గురించి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. పుండు పైన కారే చీములో దుమ్మూ ధూళీ, ఈగలు తెచ్చినవీ, చర్మం మీద ఉండేవీ అన్నీ కలిసి ఉంటాయి. అది తీసి పెంచితే ఏదో ఒకటి పెరుగుతుంది గానీ, మనిషిని తినేస్తున్నది ఏదో తెలియదు. అందుకని పైనున్నదంతా సెలైన్ నీళ్ళతో కడిగేసి, చచ్చిన చర్మం గీకేసి, బతికున్న కండ అంచున దూదిపుల్ల నొక్కి తియ్యాలి. దాంట్లో కొంచెం గాజుపలక మీద రాసి, రంగులు వేసి మైక్రోస్కోపులో చూస్తాం. కొంచెం ప్లేటులో పెట్టి వెచ్చగా ఉంచుతాం. మర్నాటికి పెరుగుతుంది. పెరిగినదాన్ని ఇంకో ప్లేటులో పరిచి, మందులు పట్టించిన కాగితపు చుక్కలు దాని మీద పెడితే, ఆ మర్నాటికి ఏ చుక్క చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ అయిందో ఆ మందు పని చేస్తుందన్నమాట. ఇదంతా సవ్యంగా జరగాలంటే పుండు ఉన్నది ఉన్నట్టుగా మా దగ్గరికి రావాలి. మా వైపు అదే రాదు.

మా నాన్న సంగతే తీసుకోండి. కూలికి వెళ్ళిన చేలో పత్తిమోడు అరికాల్లో దిగింది. నాన్నకు అప్పటికే షుగరు ఉంది. మా అమ్మ వీధిలో అందరూ చేసేదే చేసింది. క్యాప్సూల్ మందుగొట్టాలు విప్పి లోపలి పొడి పుండులో కూరింది. ఎర్రగా ఒకటి, పసుపుపచ్చగా ఒకటి, పక్కింటావిడకు చెవిపోటుకు ఇచ్చినవి మిగిలితే అవీ. పాదం బూరెలా పొంగింది. పేటలో డాక్టరుగారు చీము తీసి మా ల్యాబుకే పంపించారు. గాజుపలక మీద చూస్తే క్రిములు చీమల్లా ఉన్నాయి. ప్లేటులో మాత్రం ఒక్కటి కూడా లేవలేదు, చీములో కలిసిన మందుపొడి వాటిని పెరగనివ్వలేదు. మేడమ్ ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, కాలు తీసుకురమ్మన్నారు. నిజంగా అలాగే అన్నారు, కాలు తీసుకురా అని. దానితో పాటు మా నాన్న కూడా వచ్చాడు.

వచ్చేముందు మా అమ్మ ఆ పుండును డెట్టాల్‌తో మూడుసార్లు కడిగింది. కొత్త గుడ్డ కట్టింది. కట్టు మీద నా ముఖానికి రాసుకునే పౌడరు డబ్బాలో సగం కుమ్మరించింది. మేడమ్ కట్టు విప్పేసరికి మల్లెపూల పౌడరు వాసన, దాని వెనకే అసలు కంపు గుప్పున కొట్టాయి.

"ఛీ," అన్నారు మేడమ్.

మా నాన్న చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. అంత నొప్పిలోనూ బెంచీ కిందికి ముడుచుకున్నాడు. మేడమ్ వంగి మడమ పట్టుకుని మళ్ళీ తన ముందుకు తెచ్చుకున్నారు.

"ఎక్కడికి లాక్కుంటావయ్యా? తిట్టింది నిన్నా? దాన్ని."

"నన్నేననుకున్నానండి," అన్నాడు మా నాన్న. "అలవాటు."

మేడమ్ ఆ మడమ మాత్రం వదల్లేదు. మా కాలనీ వైపు నుంచి గాలి వీస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మనుషుల మధ్యే మా నాన్న జుట్టు నెరిసింది. ఆ రోజు ఆవిడ ముక్కు చిట్లించుకుంటూ, క్రిముల్ని ఇంత మాట అంత మాట అంటూ, పొడీ పౌడరూ అంతా సెలైన్‌తో కడిగారు. నన్ను పుల్ల పట్టుకోమన్నారు. మా అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, కంపు కొడితే మన పరువేం కావాలమ్మా, అందుకే చల్లానని చెప్పింది. పరువు కోసం పౌడరు నీ మొహానికి రాసుకో తల్లీ, నాకు మాత్రం పుండును పుండులాగే తీసుకురా అన్నారు మేడమ్. ఈసారి ప్లేటు నిండా పెరిగింది. సరైన మందు దొరికింది. ఒక వేలు పోయింది గానీ కాలు దక్కింది. మా నాన్న ఆ కాలితోనే ఇప్పటికీ చేలోకి వెళ్తున్నాడు. మేడమ్ పోయారని చెప్పినప్పుడు పెరట్లో కూర్చుని ఆ మడమ తడుముకుంటూ ఉండిపోయాడు.

పోయిన వేసవిలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పడిపోయింది. ల్యాబ్ నేను చూసుకుంటూ, వీలైనప్పుడల్లా వెళ్ళి వస్తుండేదాన్ని. మొదట్లో నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తేవారు. వానలు పడ్డాక ఆవిడకు ఒక్క మాట తిరిగి వచ్చింది. ఆ మాట ఛీ. నీళ్ళు కావాలన్నా అదే, కిటికీ తెరవమన్నా అదే. చూడటానికి వచ్చిన చుట్టాలు మొహాలు మాడ్చుకుని వెళ్ళిపోయేవారు. ఇంత చదువుకున్న మనిషికి చివరికి తిట్టే మిగిలిందా అని చెప్పుకున్నారు. నెమ్మదిగా రావడం మానేశారు.

ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వెళ్ళాను. గది తలుపు తీయగానే అగరొత్తులు, గదిలో కొట్టే సెంటు, పసిపిల్లల పౌడరు, అన్నీ కలిసి ముఖాన కొట్టాయి. పక్క మీద తెల్లటి దుప్పటి మడత నలగకుండా ఉంది. మేడమ్‌ను మరదలుగారు అంత శుభ్రంగా చూసుకునేవారు. రోజూ ఒళ్ళు తుడిచి, తల దువ్వి, బొట్టు పెట్టేవారు. ఆవిడ మీద నాకు ఒక్క మాట కూడా లేదు. ఆ సువాసనలన్నిటి కిందనుంచి సన్నగా ఇంకొకటి వచ్చింది. మాగి చితికిన ద్రాక్షపళ్ళ వాసన. ఆ వాసన పట్టుకోవడం నాకు నేర్పింది ఆ మంచం మీద ఉన్న మనిషే.

మేడమ్ నా వైపు చూసి ఛీ అన్నారు. పొట్టిగా, ముక్కులోంచి. తల పూర్తిగా తిరగలేదు గానీ తిప్పబోయారు.

మరదలుగారు గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. "చూశావా అమ్మా. ఎత్తుతున్నా, దించుతున్నా, కడుగుతున్నా. నన్ను చూసి కూడా పొద్దస్తమానం ఇదే మాట. నేనేం తక్కువ చేశానో చెప్పమను."

నేను ఒకటే అడిగాను. నడుము కింద పుండేమైనా పడిందా అని. ఆవిడ కంగారుపడ్డారు. చిన్నదే పడిందనీ, రోజూ పొడి వేస్తున్నాననీ, ఎవరికీ చెప్పలేదనీ అన్నారు. వదినగారు ఎంత శుభ్రం మనిషో నీకు తెలుసు కదా, ఆవిడ గదిలో కంపని నలుగురూ అనుకుంటే ఆవిడ పరువేం కావాలి అన్నారు. మా అమ్మ అన్న మాటే. కాలనీలో విన్నదే ఊరి నడిబొడ్డున మేడ మీద మళ్ళీ విన్నాను. నాకు ఒళ్ళంతా అసహ్యం పుట్టింది. పుండు ఎలా ఉందో అప్పటికి చూడనే లేదు. మనిషి కుళ్ళిపోతున్నా పరవాలేదు, వాసన రాకూడదనే ఆ పరువు మీద అసహ్యం. మేడమ్ బతుకంతా దాన్నే కడిగారు. చివరికి దాన్నే తెచ్చి ఆవిడకు పూశారు.

చూపించండి అంటే, కాస్త ఉండమ్మా తుడిచి పిలుస్తాను అన్నారు మరదలుగారు. వద్దండి, ఉన్నది ఉన్నట్టే చూడాలి అన్నాను. ఇద్దరం కలిసి మేడమ్‌ను పక్కకు తిప్పాం.

అరచెయ్యంత నల్లటి పెచ్చు. దాని చుట్టూ తడిసి ముద్దకట్టిన పొడి, తెల్లది, గులాబీది, పసుపుది. వేలితో అంచు నొక్కితే కిందనుంచి ఆకుపచ్చ చీము బుడగలు పెట్టుకుంటూ వచ్చింది. లోపల ఎముక తగిలేంత లోతు ఉంది. నా గొంతులోకి పొద్దుటి కాఫీ వచ్చింది. మింగేశాను. ఏడుపు కూడా వచ్చింది, అదీ మింగేశాను. మింగలేనిది ఒకటి మిగిలింది.

"ఛీ," అన్నాను. పొట్టిగా, ముక్కులోంచి, తల ఒక పక్కకు తిప్పి.

మరదలుగారు నన్ను కొట్టబోయినంత కోపంగా చూశారు. నేను మేడమ్ ముఖంలోకి వంగి చూశాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఒక్క క్షణమే. క్లాసులో జవాబు సరిగ్గా వచ్చినప్పుడు మూసుకున్నట్టే.

అప్పుడు చెప్పాను, ఆవిడ అంటున్నది మిమ్మల్ని కాదండి, ఈ పుండును అని. ఇన్నాళ్ళూ అదే చెప్తున్నారు, మనకే వినపడలేదు అని. మరదలుగారు మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుండిపోయారు.

"నన్ను కాదా?" అన్నారు. "నన్నే అనుకున్నానమ్మా."

నా సంచిలో సెలైన్ సీసా, పుల్లలు ఎప్పుడూ ఉంటాయి. కడిగాను. కడిగిన నీళ్ళు పళ్ళెంలో రంగులు రంగులుగా పారాయి. పెచ్చు అంచు ఎత్తి, బతికున్న కండ దొరికేదాకా వెతికి, అక్కడ పుల్ల నొక్కాను. మేడమ్ మూలిగారు. పుల్ల తిప్పుతూ నొక్కాలని ఆవిడే చెప్పేవారు, అలాగే తిప్పాను. తరువాత మరదలుగారు తనంతట తాను లేచి అగరొత్తులు ఆర్పేసి కిటికీలు తెరిచారు. డాక్టరుగారిని పిలిపించారు. చీము రక్తంలోకి పోయినట్టుందని ఆయన ఆ సాయంత్రమే బెజవాడ తీసుకెళ్ళమన్నారు. నేను ఆ పుల్ల పట్టుకుని నందిగామ బస్సెక్కాను. కడ్డీని రుమాలుతో పట్టుకున్నాను.

మర్నాడు పెరిగింది. మందుచుక్కలు పెట్టాను. ఆ మర్నాటి పొద్దున ప్లేటు బయటికి తీసినప్పుడే ఫోన్ వచ్చింది.

ఫోన్ పెట్టేశాక ఏం చెయ్యాలో తెలియక, తెలిసిన పనే చేశాను. ప్లేటు వెలుతురులో పెట్టి చూశాను. చుక్కలన్నిటి మీదా ఆ పచ్చటి జిగురు ఎక్కేసింది. మూలనున్న ఒక్క చుక్క చుట్టూ మాత్రం ఖాళీగా గుండ్రంగా ఉంది. శుభ్రంగా, స్కేలు పెట్టి కొలవగలిగేంత స్పష్టంగా ఉంది. ఆ మందు పని చేసేది. ఇంకొన్నాళ్ళ ముందే ఎవరైనా ఆ పౌడరు కింద ఏముందో చూసి ఉంటే పని చేసేది. ఆ ఖాళీని చాలాసేపు చూశాను. చూసేకొద్దీ నాకు ఏడుపు రాలేదు, డోకు వచ్చింది.

పెరిగిన ప్లేటును దాచుకోవడం మేడమ్‌కు నచ్చదు. పని అయిపోగానే ప్రెషరు కుక్కరు లాంటి ఆ పెద్ద ఆటోక్లేవులో వేసి ఉడికించి చంపాలి. అవి ఉడికేటప్పుడు వచ్చే కంపు పుండు కంపు కన్నా దారుణం. అది మొదలుకాగానే ఆవిడ సందులోకి వచ్చి నిలబడేవారు. ఎదురుగా టీకొట్టు నడిపే పెద్దాయన గిన్నెల మీద మూతలు పెట్టేస్తూ, ఏం వండుతున్నారండీ ఇయ్యాళ అని రోజూ అడిగేవాడు. నీ కొట్లో టీ తాగినోళ్ళ పుండ్లయ్యా అని ఆవిడ రోజూ చెప్పేవారు.

ఆ ప్లేటు కూడా అందులో వేశాను. మూత బిగించి, ఎర్రసబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, సందులోకి వచ్చి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి కిటికీలోంచి ఆవిరి రావడం మొదలైంది. పెద్దాయన పాలగిన్నె మీద మూత పెట్టాడు.

"ఏం వండుతున్నావమ్మా ఇయ్యాళ?"

"నీ కొట్లో టీ తాగినోళ్ళ పుండ్లు, బాబాయ్."

ఆయన నవ్వాడు. నవ్వి, గరిటె తుడుచుకుంటూ, "మేడమ్ గారికి ఎట్టా ఉంది?" అని అడిగాడు.

ఆవిరి సందంతా కమ్ముకుంటోంది. ద్రాక్షపళ్ళ వాసన పోయి, ఉడికిన కంపు ఒక్కటే మిగిలింది. ఆయన గరిటె పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు. నేను చున్నీ ముక్కు మీద నుంచి తియ్యలేదు.